శక్తి ఎక్కువ కోరే హెడ్‌ఫోన్లకు యాంప్లిఫయర్‌ను లెక్క కట్టి ఎంచుకోవడం

యాంప్లిఫయర్ పెట్టె మీద ‘2 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, ‘32 ఓమ్‌ల వద్ద’ అన్న మాట ఎక్కడో వెనకవైపు చిన్న అక్షరాలతో ఉంటుంది. కొనేవారికి అవసరమైన సమాచారం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. మీ హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లది కాకపోతే పైన రాసిన 2 వాట్లు మీకు ఏమీ చెప్పవు. ఆ అంకెను మీ హెడ్‌ఫోన్‌కు వర్తించే వోల్టేజీగా, కరెంటుగా మార్చుకున్న తరువాతే ఆ యాంప్లిఫయర్ సరిపోతుందో లేదో తెలుస్తుంది. ఈ మార్పిడికి హైస్కూలు భౌతికశాస్త్రంలో చదువుకున్న ఓమ్ నియమం, ఒక కాలిక్యులేటర్ చాలు. పది నిమిషాల పని ఇది. ఈ పది నిమిషాలు వెచ్చించక వేలకు వేలు అనవసరంగా ఖర్చు చేసేవారిని, తక్కువ ఖర్చు చేసి అసంతృప్తితో మిగిలేవారిని చూశాను కాబట్టే ఈ వివరమంతా రాస్తున్నాను.

ముందుగా రెండు హెడ్‌ఫోన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. బేయర్‌డైనమిక్ వారి డీటీ 880లో 600 ఓమ్‌ల రకం ఒకటి, హైఫైమాన్ వారి హెచ్‌ఈ-6 మరొకటి. రెండింటినీ డ్రైవ్ చేయడం, అంటే తగినంత బిగ్గరగా మోగించడం, కష్టమని వినియోగదారులు ఒకే గాటన కడతారు. కాని వాటి కష్టాలు వేరు. డీటీ 880 సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి అది ఎంత బిగ్గరగా మోగుతుందో తెలిపే అంకె, ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. హెచ్‌ఈ-6 ఇంపీడెన్స్, అంటే కరెంటు ప్రవాహానికి అది చూపే అడ్డంకి, 50 ఓమ్‌లే అయినా, దాని సెన్సిటివిటీ ఒక మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్ మాత్రమే. సంగీతంలోని అత్యంత బిగ్గరైన క్షణంలో 110 డెసిబెల్స్ అందాలంటే మొదటిదానికి దాదాపు 3.9 వోల్టులు, 6.5 మిల్లీఆంపియర్లు చాలు. రెండోదానికి 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు కావాలి. వోల్టేజీలో పెద్ద తేడా లేదు, కరెంటులో మాత్రం పద్నాలుగు రెట్ల తేడా ఉంది.

వ్యవసాయం చేసే ఇళ్లలో ఈ సంగతి వేరే రూపంలో అందరికీ తెలిసిందే. బోరుకు మోటారు కొనేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్ అని మాత్రమే అడిగి ఎవరూ ఊరుకోరు. నీరు ఎంత లోతు నుంచి పైకి రావాలి, ఎంత నీరు పారాలి అన్న రెండు ప్రశ్నలూ వేస్తారు. లోతైన బోరు నుంచి సన్నని ధార తోడే మోటారు, కాలువ గట్టు మీద నుంచి పొలానికి నీరు ఎత్తిపోసే మోటారు ఒకదాని బదులు ఒకటి పనిచేయలేవు, హార్స్‌పవర్ ఒకటే అయినా సరే. ఇక్కడ వోల్టేజీ లోతు వంటిది, కరెంటు పారే నీటి పరిమాణం వంటిది. డీటీ 880 లోతైన బోరు. హెచ్‌ఈ-6కు లోతూ ఉంది, పారవలసిన నీరూ ఎక్కువే.

మీ హెడ్‌ఫోన్‌కు ఎంత కావాలో లెక్కించడం

హెడ్‌ఫోన్ వివరాల పట్టికలో మీకు కావలసినవి రెండు అంకెలు: ఇంపీడెన్స్, సెన్సిటివిటీ. ఇంపీడెన్స్ ఓమ్‌లలో ఉంటుంది, దానితో చిక్కు లేదు. సెన్సిటివిటీ విషయంలోనే చాలామంది పొరబడతారు, ఎందుకంటే కొందరు తయారీదారులు దానిని ఒక మిల్లీవాట్ శక్తికి ఇంత అని, మరికొందరు ఒక వోల్టుకు ఇంత అని ప్రకటిస్తారు. సెన్‌హైజర్ హెచ్‌డి 650కు ప్రకటించిన 103 డెసిబెల్స్ ఒక వోల్టుకు సంబంధించినవి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఒక వోల్టు ఇస్తే అది తీసుకునే శక్తి 3.3 మిల్లీవాట్లు కాబట్టి, మిల్లీవాట్ కొలమానంలోకి మార్చడానికి 5 డెసిబెల్స్ తీసివేయాలి, అప్పుడు అది దాదాపు 98 అవుతుంది. ఇలా తీసివేయవలసిన అంకె 600 ఓమ్‌లకు 2, 50 ఓమ్‌లకు 13, 32 ఓమ్‌లకు 15. తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లలో ఈ తేడా ఎంత పెద్దదో గమనించండి. వోల్టుకు చెప్పిన అంకెను మిల్లీవాట్‌కు చెప్పినట్టుగా చదువుకుంటే, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అవసరమైన శక్తిని ముప్పై రెట్లు తక్కువగా అంచనా వేసినట్టవుతుంది.

తరువాత లక్ష్యాన్ని నిర్ణయించుకోవాలి. నేను 110 డెసిబెల్స్‌ను లక్ష్యంగా తీసుకుంటాను. ఇది వినే స్థాయి కాదు, అత్యంత బిగ్గరైన క్షణానికి కేటాయించే స్థాయి. సంగీతంలో సగటు ధ్వనికీ శిఖరాలకీ మధ్య చాలా దూరం ఉంటుంది. సహజంగా రికార్డు చేసిన కర్ణాటక కచేరీలో గాత్రం మెత్తగా సాగుతున్నప్పుడు మృదంగం మీద పడే ఒక్క బలమైన దెబ్బ సగటుకన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి పోవచ్చు. ఆ దెబ్బ సెకనులో చిన్న భాగం మాత్రమే ఉంటుంది, కాని ఆ క్షణంలో యాంప్లిఫయర్ చేతులెత్తేస్తే దెబ్బ పదును పోయి మొద్దుబారి వినిపిస్తుంది. ఇటీవలి సినిమా పాటల్లో ఈ దూరాన్ని మిక్సింగ్‌లోనే బాగా కుదించేస్తారు కనుక వాటికి ఇంత వెసులుబాటు అక్కరలేదు. కాబట్టి మీరు ఏది ఎక్కువగా వింటారన్నది ఈ లెక్కలో భాగమే.

లక్ష్యంలోంచి సెన్సిటివిటీని తీసివేయగా మిగిలిన డెసిబెల్స్‌ను శక్తిగా మార్చడానికి రెండు విషయాలు గుర్తుంచుకుంటే చాలు: ప్రతి 10 డెసిబెల్స్‌కు శక్తి పది రెట్లు అవుతుంది, ప్రతి 3 డెసిబెల్స్‌కు రెండు రెట్లు అవుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 600ను తీసుకుందాం. ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్. 110లోంచి 97 తీసివేస్తే 13 మిగులుతుంది. 13 అంటే 10, 3 కలిస్తే వచ్చేది, అంటే పది రెట్లు, దాని మీద రెండు రెట్లు, మొత్తం 20 మిల్లీవాట్లు. ఇప్పుడు వోల్టేజీ: శక్తిని వాట్లలోకి మార్చి ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 0.02ను 300తో గుణిస్తే 6, దాని వర్గమూలం సుమారు 2.45 వోల్టులు. దానిని 300తో భాగిస్తే కరెంటు 8 మిల్లీఆంపియర్లు. హెచ్‌డి 600కు భారీ యాంప్లిఫయర్ కావాలన్న మాటను నేను చాలాసార్లు విన్నాను. లెక్క చూస్తే దానికి కావలసింది 20 మిల్లీవాట్లు. కరెంటు దాదాపు అక్కరలేదు, తగినంత వోల్టేజీ మాత్రం తప్పనిసరి. ఒక వోల్టు మాత్రమే ఇచ్చే, ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించే చిన్న డాంగిల్‌తో అది నిస్తేజంగా వినిపించడానికి కారణం ఇదే.

హెచ్‌ఈ-6కు ఇదే లెక్క చేస్తే 26.5 డెసిబెల్స్ మిగులుతాయి. 20 డెసిబెల్స్‌కు వంద రెట్లు, మిగిలిన 6.5కు సుమారు నాలుగున్నర రెట్లు, మొత్తం 450 మిల్లీవాట్లు. లక్ష్యాన్ని 115కు పెంచితే 1.4 వాట్లు, 8.4 వోల్టులు, 168 మిల్లీఆంపియర్లు కావాలి. ఐదు డెసిబెల్స్ అదనంగా కోరినందుకు శక్తి మూడు రెట్లు దాటింది. ఏకేజీ వారు 1989లో తెచ్చిన కే1000 ఈ విషయంలో పరాకాష్ఠ. 120 ఓమ్‌ల ఇంపీడెన్స్, మిల్లీవాట్‌కు 74 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న దానికి 110 డెసిబెల్స్ కోసం దాదాపు 4 వాట్లు, 22 వోల్టులు పడుతుంది. దానిని స్పీకర్ యాంప్లిఫయర్‌కు కలుపుకునేలా తయారు చేయడం ఆడంబరం కోసం కాదని ఈ అంకెలే చెబుతాయి.

కాగితం మీద లెక్కకన్నా నమ్మదగినది: మీ చెవితో, మల్టీమీటర్‌తో కొలవడం

ఎవరికి ఎంత ధ్వని కావాలన్నది మనిషిని బట్టి మారుతుంది. 110 అన్నది నా లక్ష్యం, మీకు 100 చాలవచ్చు. ప్రకటించిన సెన్సిటివిటీ కూడా జతకూ జతకూ కొంత మారుతుంది. అందుచేత హెడ్‌ఫోన్ ఇప్పటికే మీ దగ్గర ఉండి యాంప్లిఫయర్ కొనబోతున్నవారు ఈ కింది పద్ధతిని తప్పక ప్రయత్నించాలని నా సలహా. దీనికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే సాధారణ డిజిటల్ మల్టీమీటర్ సరిపోతుంది.

ఇప్పుడున్న పరికరంతో, అది ఎంత చిన్నదైనా, మీరు వినేవాటిలో అన్నిటికన్నా మెత్తగా రికార్డయిన పాటను పెట్టి, ఇంతకన్నా ఎక్కువ ఎన్నడూ అక్కరలేదు అనిపించే వరకు వాల్యూమ్ పెంచండి. ఆ తరువాత వాల్యూమ్‌ను ముట్టుకోకుండా, పాట ఆపి, హెడ్‌ఫోన్ పిన్‌ను బయటకు తీసేయండి. ఇది మరచిపోకూడదు, ఎందుకంటే తరువాత రాబోయే ధ్వని చెవికీ హెడ్‌ఫోన్‌కూ హానికరం. ఇప్పుడు 50 లేదా 60 హెర్ట్జ్‌ల సైన్ తరంగాన్ని (మార్పు లేకుండా మోగే ఒకే స్వరాన్ని) పూర్తి డిజిటల్ స్థాయిలో, అంటే ఫైలులో సాధ్యమైనంత గరిష్ఠ స్థాయిలో, అదే ప్లేయర్ నుంచి వినిపించండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి ఫైలును నిమిషంలో తయారు చేసుకోవచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీని ఎంచుకోవడానికి కారణం ఉంది: చవక మల్టీమీటర్లు కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా కొలుస్తాయి, వేల హెర్ట్జ్‌ల దగ్గర తప్పు చూపవచ్చు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి, పాత కేబుల్ ఒకదాని తీగలను విడదీసి, దాని పిన్‌ను హెడ్‌ఫోన్ పిన్ ఉన్న చోట పెట్టి, ఎడమ ఛానల్ తీగకూ గ్రౌండ్ తీగకూ మధ్య వోల్టేజీ చదవండి. తీగలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి.

ఆ అంకె మీ వాల్యూమ్ స్థానంలో యాంప్లిఫయర్ ఇవ్వవలసి రాగల గరిష్ఠ వోల్టేజీ. ఉదాహరణకు 1.8 వోల్టులు వచ్చిందనుకుందాం. అది 300 ఓమ్‌లలో సుమారు 11 మిల్లీవాట్లకు, 6 మిల్లీఆంపియర్లకు సమానం. దానికి రెండింతలు, అంటే 3.6 వోల్టులు ఇవ్వగలిగే యాంప్లిఫయర్ ఆ మనిషికి, ఆ హెడ్‌ఫోన్‌తో, అన్ని సందర్భాల్లోనూ చాలు. వాల్యూమ్ చివరి వరకు తిప్పినా ధ్వని చాలలేదంటే, ఇప్పుడున్న పరికరానికి అంతకన్నా శక్తి లేదని, మీకు కనీసం ఆ అంకెకు రెండు మూడు రెట్లు కావాలని అర్థం.

ఈక్వలైజర్ వాడేవారు మరో మాట గమనించాలి. బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచుకుంటే, మొత్తం స్థాయిని డిజిటల్‌గా అంతే తగ్గించుకోవాలి, లేకపోతే ఫైలులోనే ధ్వని పగిలిపోతుంది. ఆ తగ్గింపును వాల్యూమ్‌తో పూడ్చుకున్నప్పుడు బాస్ శిఖరాల వద్ద వోల్టేజీ రెండింతలు, శక్తి నాలుగింతలు అవుతాయి. ప్లేనార్ హెడ్‌ఫోన్లు (పలుచని పొర మీద పరచిన తీగలతో మోగేవి, హెచ్‌ఈ-6 ఇటువంటిదే) వాడేవారిలో బాస్ పెంచుకునే అలవాటు ఎక్కువ, వారి లెక్కలో ఇది తప్పక చేరాలి.

యాంప్లిఫయర్ వివరాల పట్టికను చదవడం

2 వాట్లు, 32 ఓమ్‌ల వద్ద అన్న పెట్టె దగ్గరికి తిరిగి వద్దాం. 2ను 32తో గుణించి వర్గమూలం తీస్తే 8 వోల్టులు. ఆ 8 వోల్టులు 300 ఓమ్‌ల వద్ద 213 మిల్లీవాట్లవుతాయి. వాట్ల అంకె పదో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది కాని, హెచ్‌డి 600కు కావలసిన 20కి అది పది రెట్లు. ఇందులో నష్టమేమీ లేదు. నష్టం వచ్చేది రెండో దిశలో. ఒక యాంప్లిఫయర్ 300 ఓమ్‌ల వద్ద 100 మిల్లీవాట్లు ఇస్తుందని మాత్రమే ప్రకటించారనుకుందాం. అంటే దాదాపు 5.5 వోల్టులు, వోల్టేజీ ప్రకారం చూస్తే హెచ్‌ఈ-6కు చాలినంత. కాని దాని కరెంటు 50 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగిపోయేదైతే, 50 ఓమ్‌ల వద్ద అది ఇవ్వగలిగింది 2.5 వోల్టులు, 125 మిల్లీవాట్లు మాత్రమే, ధ్వని 104 డెసిబెల్స్ దగ్గరే నిలిచిపోతుంది. కాబట్టి ఎక్కువ ఓమ్‌ల వద్ద చెప్పిన శక్తిని బట్టి వోల్టేజీని, తక్కువ ఓమ్‌ల వద్ద చెప్పిన శక్తిని బట్టి కరెంటును తెలుసుకోవాలి. రెండు మూడు ఇంపీడెన్స్‌ల వద్ద శక్తిని విడివిడిగా ప్రకటించే తయారీదారుని నేను ముందుగా నమ్ముతాను.

శక్తిని ఎంత డిస్టార్షన్ (ధ్వని వికృతమయ్యే శాతం) వద్ద కొలిచారో కూడా చూడాలి. 10 శాతం వద్ద కొలిచిన అంకె వినడానికి పనికొచ్చే శక్తి కాదు. 1 శాతం లేదా అంతకన్నా తక్కువ వద్ద కొలిచినదాన్నే పరిగణించాలి. కొందరు వోల్టేజీని శిఖరం నుంచి శిఖరానికి చెప్పి అంకెను పెద్దదిగా చూపుతారు. దానిని 2.83తో భాగిస్తేనే మన లెక్కలోని వోల్టులు వస్తాయి.

గెయిన్, అంటే లోపలికి వచ్చిన వోల్టేజీని యాంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె, గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే శక్తి ఉండి కూడా ధ్వని చాలకపోవడానికి తరచు ఇదే కారణం. డీఏసీ (డిజిటల్ ఫైలును విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) నుంచి సాధారణంగా వచ్చేది గరిష్ఠంగా 2 వోల్టులు. యాంప్లిఫయర్ గెయిన్ ఒకటి అయితే, లోపల ఎన్ని వాట్లున్నా బయటికి వచ్చేది 2 వోల్టులే. హెచ్‌ఈ-6కు 8.4 వోల్టులు కావాలంటే గెయిన్ కనీసం 4.2 రెట్లు, అంటే 12.5 డెసిబెల్స్ ఉండాలి. పాత ఆకాశవాణి రికార్డింగుల వంటివి తక్కువ స్థాయిలో నిక్షిప్తమై ఉంటే, వాటికి అదనపు శక్తి అక్కరలేదు, అదనపు గెయిన్ కావాలి, ఎందుకంటే వాటి శిఖరాలు పూర్తి స్థాయిని ఎప్పుడూ చేరవు. మరోవైపు గెయిన్ అతిగా ఉంటే వాల్యూమ్ నాబ్ అడుగునే తచ్చాడవలసి వస్తుంది, అక్కడ చాలా నాబ్‌లు ఎడమ కుడి ఛానళ్లను సమానంగా ఇవ్వవు, సన్నని హిస్ కూడా వినిపించవచ్చు. కనుక తక్కువ, ఎక్కువ అని రెండు గెయిన్ స్విచ్ స్థానాలున్న యాంప్లిఫయర్ మేలు. నాబ్ సగం తిప్పగానే బిగ్గరగా వచ్చింది కాబట్టి శక్తి మిగిలి ఉందని అనుకోవడం సరికాదు, నాబ్ స్థానం గెయిన్‌ను మాత్రమే తెలుపుతుంది.

యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (దాని సొంత అంతర్గత అడ్డంకి) హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ (వాక్యూమ్ వాల్వు) యాంప్లిఫయర్లలో ఇది చాలా ఎక్కువగా ఉండవచ్చు. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్నదానికి 32 ఓమ్‌ల ప్లేనార్‌ను కలిపితే వోల్టేజీలో ఐదో వంతే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది, మిగతాది యాంప్లిఫయర్ లోపలే పోతుంది. అదే యాంప్లిఫయర్‌కు హెచ్‌డి 600ను కలిపితే నష్టం తక్కువ, అయితే ఆ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ బాస్‌లో 100 హెర్ట్జ్‌ల ప్రాంతంలో 500 ఓమ్‌లు దాటుతుంది కనుక అక్కడ ధ్వని ఒక డెసిబెల్‌కు కొంచెం పైగా పెరుగుతుంది. ఆ వెచ్చదనం కొందరికి ఇష్టం, అందులో తప్పేమీ లేదు. ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు ఇచ్చే ఆ యాంప్లిఫయర్లు 300, 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు చక్కగా సరిపోతాయి, ప్లేనార్‌లకు సరిపోవు.

ప్రతి ఛానల్‌కు పాజిటివ్, నెగెటివ్ తీగలు రెండింటినీ విడివిడిగా నడిపే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ వోల్టేజీని రెండింతలు చేస్తుంది, కరెంటు అనుమతిస్తే శక్తి నాలుగింతలవుతుంది, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ కూడా రెండింతలవుతుంది. యూఎస్‌బీతో నడిచే చిన్న పరికరాల్లో ఇది నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే వాటికి అందే 5 వోల్టుల సరఫరాలో మామూలు అవుట్‌పుట్ తరచు 2 వోల్టుల దగ్గర ఆగితే బ్యాలెన్స్‌డ్ 4 వోల్టులు ఇస్తుంది. గోడ ప్లగ్ కరెంటుతో నడిచే పెద్ద యాంప్లిఫయర్‌లో మామూలు అవుట్‌పుట్ మీ లెక్కకు సరిపోతే బ్యాలెన్స్‌డ్ కోసం, కొత్త కేబుల్ కోసం డబ్బు పెట్టనవసరం లేదు. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ను అడాప్టర్‌తో మామూలు మూడు భాగాల పిన్‌కు మార్చడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, రెండు ఛానళ్ల నెగెటివ్ తీగలు కలిసిపోయి యాంప్లిఫయర్ దెబ్బతింటుంది. హెచ్‌ఈ-6ను స్పీకర్ యాంప్లిఫయర్‌కు కలపాలనుకునేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది: చాలా డిజిటల్ స్పీకర్ యాంప్లిఫయర్లలో నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, కాబట్టి నాలుగు తీగలు విడివిడిగా ఉన్న కేబుల్ లేకుండా ఆ ప్రయత్నం చేయవద్దు.

అమెరికాలో ఉన్న బంధువులతో యాంప్లిఫయర్ తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది కనుక ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడ దొరికే చిన్న డెస్క్‌టాప్ యాంప్లిఫయర్లలో కొన్ని ల్యాప్‌టాప్ ఛార్జర్ వంటి అడాప్టర్‌తో రావు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండి ఏసీనే ఇచ్చే అడాప్టర్‌తో వస్తాయి. 115 వోల్టులకు చేసిన ఆ అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది. కొనకముందే 230 వోల్టుల అడాప్టర్ విడిగా దొరుకుతుందో లేదో తయారీదారు సైటులో చూసుకోవాలి. అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఏసీ అని ఉంటే దాని బదులు డీసీ అడాప్టర్ వాడకూడదు.

రెండు యాంప్లిఫయర్లలో దేన్ని ఉంచుకోవాలో తేల్చుకునేందుకు విని చూసేటప్పుడు, పైన చెప్పిన సైన్ తరంగంతో, మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజీని సమానం చేయండి. ఒక డెసిబెల్ ఎక్కువ వినిపించినది చెవికి నిండుగా, స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది, ఆ తేడాను మనం యాంప్లిఫయర్ గుణంగా పొరబడతాం. రెండూ మీకు కావలసిన వోల్టేజీని, కరెంటును ఇబ్బంది లేకుండా ఇస్తూ, స్థాయి సమానంగా ఉన్నప్పుడు మిగిలే తేడా చాలా స్వల్పం, తరచు వినిపించదు కూడా. అటువంటప్పుడు చవకైనదాన్ని, వారంటీ ఉన్నదాన్ని ఎంచుకోవడం సబబు.

యాంప్లిఫయర్ ఇంటికి వచ్చాక దానిలో ఉన్న శక్తి చెవికి హాని చేయగలదని గుర్తుంచుకోవాలి. పెద్దలు వారానికి 40 గంటలపాటు సగటున 80 డెసిబెల్స్‌కు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. మొదటిసారి కలిపేటప్పుడు గెయిన్‌ను తక్కువలో ఉంచి, వాల్యూమ్‌ను సున్నాకు తెచ్చి, యాంప్లిఫయర్‌ను ఆన్ చేసి, కొన్ని క్షణాలు ఆగి, ఆ తరువాతే హెడ్‌ఫోన్ పిన్ పెట్టి చెవులకు తగిలించుకోండి. నాబ్ మూడొంతులు తిప్పినా చాలకపోతేనే గెయిన్ స్విచ్‌ను పైకి మార్చండి, మార్చే ముందు వాల్యూమ్‌ను మళ్లీ సున్నాకు తీసుకురండి.